చుట్టపుచూపుగా వచ్చిన పైపు

పోయినేడు మా పెదనాన్నగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు ఎక్స్‌రే తీయించాలని స్ట్రెచర్ మీద కిందికి తీసుకెళ్తుంటే నేనూ పక్కన నడిచాను. మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగును వార్డు బాయ్ విప్పి, ఎక్కడ పెట్టాలో తోచక, పెదనాన్న పొట్ట మీద పెట్టాడు. లిఫ్టు కోసం ఆగి, ఎక్స్‌రే గది ముందు వరసలో ఆగి, మళ్ళీ పైకి వచ్చేసరికి అరగంట దాటింది. అంతసేపూ ఆయన ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని, రైల్లో టిఫిన్ క్యారియర్ కాపాడుకునే మనిషిలా పడుకున్నారు. అందులో తప్పేముందో మాలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఐదో రోజు చలిజ్వరం వచ్చింది. ఆ అరగంట వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను, చేయబోను కూడా. కాకపోతే అప్పటినుంచి, మూత్రాశయంలోంచి ఆ సంచిలోకి వచ్చే పైపు సంగతేమిటో తెలుసుకోవాలని పట్టుబట్టి చదివాను. చదివినకొద్దీ తేలింది ఒక్కటే: ఆ పైపు వేయడానికి ఉన్నన్ని కారణాలు దాన్ని ఉంచడానికి ఉండవు.

మూత్రాశయంలోకి గొట్టం దూర్చడం మనిషికి కొత్త విద్య కాదు. పాంపే శిథిలాల్లో కంచు గొట్టాలు దొరికాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో, రాళ్ళ జబ్బుతో అల్లాడుతున్న తన అన్న జాన్ కోసం, వంగే వెండి గొట్టం ఒకటి చేయించి పంపాడు. అవన్నీ పెట్టి, పని కాగానే తీసేసేవి. లోపలే ఉంచాలంటే కట్లు కట్టాలి, ప్లాస్టర్లు అంటించాలి, అయినా జారిపోయేది. ఆ బెడద తీర్చినవాడు అమెరికాలో మినెసోటాకు చెందిన ఫ్రెడరిక్ ఫోలీ. గొట్టం కొసన చిన్న బుడగ అమర్చి, లోపలికి వెళ్ళాక అందులో నీళ్ళు నింపితే గొట్టం బయటికి రాదన్నది ఆయన ఆలోచన. 1930ల్లో అది సరుకుగా మారింది. పేటెంటు కోసం జరిగిన పోరాటంలో ఆయన ఓడిపోయినా పేరు మాత్రం ఆయనదే నిలిచింది. ఇవాళ మన ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా సిస్టరు ‘ఫోలీస్ తీసుకురా’ అంటే అదే. ఆపరేషనయినా, పక్షవాతమైనా, ప్రోస్టేట్ వాపుతో మూత్రం బిగదీసుకున్నా, ముందు ఎక్కేది ఆ పైపే.

ఇబ్బందల్లా ఆ బుడగ పని మరీ బాగా చేయడం దగ్గరే వచ్చింది. జారిపోయే గొట్టాన్ని ఎవరో ఒకరు గమనించాల్సిందే. జారని గొట్టాన్ని ఎవరూ గమనించక్కర్లేదు.

పైపు లేని మనిషిలో మూత్రాశయం తనను తాను చక్కగా కాపాడుకుంటుంది. కింది నుంచి నాలుగు క్రిములు ఎక్కివచ్చినా, నాలుగైదు గంటలకోసారి వెళ్ళే ధార వాటిని కడిగేస్తుంది. లోపలి పొర మీద అంటుకున్నవాటిని ఒళ్ళే వదిలించుకుంటుంది. పైపు వేసిన క్షణం నుంచీ ఈ ఏర్పాటంతా దెబ్బతింటుంది. ధార ఉండదు, చుక్కచుక్కగా కారడమే. పైగా గొట్టానికి మూత్రం లోపలికి వచ్చే కన్నాలు బుడగకు పైన ఉంటాయి కాబట్టి, బుడగ చుట్టూ అడుగున కొంచెం మూత్రం ఎప్పుడూ నిలిచే ఉంటుంది. నిలవ నీరు ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా సోకుతుంది. మగవాళ్ళలో సుమారు 20 సెంటీమీటర్లుండే మూత్రనాళం వాళ్ళలో 4 సెంటీమీటర్లే.

క్రిములు ఎక్కడినుంచి వస్తాయి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగలు చాలావరకు ఇంటివాళ్ళే. ఇ.కోలి, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటివన్నీ మన పేగుల్లో కాపురముండేవే. మలద్వారం దగ్గర్నుంచి రెండు మూడు అంగుళాలు ప్రయాణించి పైపు పట్టుకుంటాయి. సూడోమొనాస్ లాంటి మరికొన్ని ఆసుపత్రి సింకుల్లోంచి, తడి చేతుల మీదుగా వస్తాయి. పట్టుకున్నాక వాటికి రెండు దారులు. ఒకటి పైపు బయటి గోడ వెంబడి, చర్మానికీ రబ్బరుకీ మధ్య సందులోంచి పాకడం. రెండోది సంచిలోనో, సంచి అతుకు దగ్గరో చొరబడి గొట్టం లోపలినుంచి పైకెక్కడం. 1999లో విస్కాన్సిన్ పరిశోధకులు సుమారు 1,500 మంది రోగులను గమనించారు. ఏ దారో తేల్చగలిగిన కేసుల్లో మూడింట రెండు వంతులు బయటి గోడ దారివే. మిగిలిన వంతు లోపలి దారి. పెదనాన్న పొట్ట మీది సంచి ఈ రెండో లెక్కలోకి వస్తుంది. సంచి మూత్రాశయం కంటే ఎత్తులో ఉంటే, అందులో నిలవున్నది గొట్టం వెంట వెనక్కి నడుస్తుంది. నీరు పల్లమెరుగునన్న సామెత ఫిజిక్సు పుస్తకం కంటే పాతది. స్ట్రెచర్ మీద ఎందుకో గుర్తురాదు.

గొట్టం ఎక్కిన క్రిములు విడివిడిగా తిరగవు. పైపు లోపలికి వెళ్ళిన కొద్ది గంటల్లోనే ఒంట్లోని మాంసకృత్తులు దాని మీద సన్నటి పూతలా పేరుకుంటాయి. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అందులో ముఖ్యమైనది. పైపు రాపిడికి లోపల పుండుపడితే దాన్ని మాన్పడానికి ఒళ్ళే పంపిస్తుంది. ఎంటరోకాకస్ సరిగ్గా ఆ పూతనే పట్టుకుని నిలబడుతుంది. అంటే ఒళ్ళు చేసే ఉపకారమే క్రిములకు నిచ్చెన అవుతుందన్నమాట. నిలబడ్డాక అవి తమ చుట్టూ జిగట అల్లుకుంటాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్ల మీద పాచి చూసినవాళ్ళకు ఇంతకంటే వివరించక్కర్లేదు. పైనుంచి బిందెలకొద్దీ నీళ్ళు పోసినా పాచి పోదు, చీపురుతో గీకాలి. యాంటీబయాటిక్ అంటే పైనుంచి పోసే నీళ్ళే. గీకే చీపురు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అందుకే పైపుతోపాటు సోకిన జ్వరానికి మందు వాడితే నెమ్మదిస్తుంది, మందు ఆపగానే తిరగబెడుతుంది. పైపు వేసి రెండు వారాలు దాటిన మనిషికి ఇన్‌ఫెక్షన్ వస్తే, పాతది తీసి, అవసరమైతే కొత్తది వేసి, ఆ కొత్తదాంట్లోంచే కల్చర్‌కు నమూనా తీయమని వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే. పాత పైపులోంచి తీస్తే తెలిసేది పాచి సంగతే, మూత్రాశయం సంగతి కాదు. సంచిలోంచి వంపి పంపే నమూనాకైతే ఆ పాటి విలువ కూడా లేదు. అయినా పంపుతూనే ఉంటారు, రిపోర్టులు వస్తూనే ఉంటాయి, వాటిని చూసి మందులు రాస్తూనే ఉంటారు.

ప్రోటియస్ అనే క్రిమిది వేరే దారి. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. మూత్రం క్షారంగా మారుతుంది, అందులోని లవణాలు రాళ్ళలా పేరుకుని గొట్టాన్ని పూడ్చేస్తాయి. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో గీజరు కాయిల్‌కు పట్టే తెల్ల పొర లాంటిదే ఇదీ. మరికొన్ని క్రిములున్న చోట సంచి, గొట్టం నిండు ఊదారంగుకు తిరుగుతాయి. అన్నంపప్పుల్లో ఉండే ట్రిప్టోఫాన్ పేగుల్లో, కాలేయంలో మారుతూ వచ్చి, చివరికి క్రిముల చేతిలో నీలిమందుగా తేలుతుంది. సాధారణంగా దీనివల్ల పెద్ద ప్రమాదం ఉండదు. చూసిన బంధువులకు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది.

ఇక రోజుల లెక్క. పైపు ఉన్న ప్రతి రోజూ, అప్పటిదాకా క్రిములు లేని ప్రతి వంద మందిలో 3 నుంచి 7 మందికి మూత్రంలో క్రిములు కొత్తగా చేరతాయి. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటాయి. ఎంత మంచి ఆసుపత్రయినా, ఎంత ఖరీదైన పైపయినా అంతే. అయితే క్రిములు ఉండడం వేరు, జబ్బు ఉండడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల జరిగే నష్టం అసలు జబ్బు నష్టానికి తీసిపోదు. జ్వరం లేదు, చలి లేదు, పొత్తికడుపు నొప్పి లేదు, మనిషి కులాసాగా ఉన్నాడు, రిపోర్టులో మాత్రం క్రిములు, పస్ సెల్స్. అలాంటప్పుడు మందు వాడకూడదన్నదే నియమం. గర్భిణులకు, మూత్రనాళంలో ఆపరేషన్ చేయబోయేవారికి మాత్రమే మినహాయింపు. మూత్రం మబ్బుగా ఉందనో, వాసన వస్తోందనో యాంటీబయాటిక్ మొదలుపెడితే పైపులో చచ్చేవి బలహీనమైన క్రిములే. మొండివి మిగులుతాయి. మళ్ళీ నిజంగా జబ్బు చేసినప్పుడు పనిచేసే మందు వెతుక్కోవాలి. మన ఆసుపత్రుల్లో క్లెబ్సియెల్లా ఎంత మొండిదయిందో అక్కడి మైక్రోబయాలజీ విభాగాన్ని అడిగితే నిట్టూర్చి మరీ చెబుతారు.

పైపు మీద మొదటి గట్టి అభియోగం 1958లో వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పాల్ బీసన్ ఒక వైద్య పత్రికలో సంపాదకీయం రాసి, దీన్ని వేయాలన్న ప్రతిసారీ ఒకటికి రెండుసార్లు ఆలోచించాలన్నాడు. ఆ రోజుల్లో గొట్టం కొసను మంచం కింద మూత లేని సీసాలోకి వదిలేవారు. నాలుగు రోజులు తిరిగేసరికి దాదాపు అందరికీ క్రిములు చేరేవి. 1966లో కాల్విన్ క్యూనిన్, రెజీనా మెకార్మక్ కలిసి, గొట్టాన్నీ సంచినీ ఎక్కడా గాలి చొరని ఒకే మూసిన వ్యవస్థగా ఉంచితే ఈ రోజులు ఎంత పెరుగుతాయో చూపించారు. ఫోలీ కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆ తరవాత ఈ రంగంలో ఎన్నో వచ్చాయి గానీ, ఇంత చవకగా ఇంత మేలు చేసింది మరొకటి రాలేదు.

మూసిన వ్యవస్థ అన్నారంటే దాన్ని తెరవకూడదనే. మన వార్డుల్లో తెరుచుకునే తీరు చూడండి. ఒక్కటే మగ్గు తీసుకుని ఆయా వరసగా ఎనిమిది మంచాల సంచులు ఖాళీ చేస్తుంది. గ్లవ్స్ ఉంటే ఉంటాయి, అవే గ్లవ్స్. సంచి అడుగు కొళాయి మూతి మగ్గు అంచుకు తగులుతుంది. మొదటి మంచం క్రిములు ఎనిమిదో మంచానికి చేరడానికి ఇంతకంటే మంచి రవాణా సౌకర్యం ఉండదు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. ఒక్క మగ్గిచ్చి ఎనిమిది మంచాలు అప్పగించినవారిని అడగాలి. రోగికో పాత్ర ఉండాలి, కొళాయి దానికి తగలకూడదు, ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి. సంచి మూడు వంతులు నిండకముందే వంపాలి. సంచి ఎప్పుడూ నడుముకు కిందే ఉండాలి, కానీ నేల మీద ఉండకూడదు. స్ట్రెచర్ ఎక్కించేముందు సంచి ఖాళీ చేసి, స్ట్రెచర్ పక్క కమ్మీకి తగిలించాలి. గొట్టాన్ని తొడకు ప్లాస్టరుతో ఆనించాలి, లేకపోతే రోగి కదిలినప్పుడల్లా అది లోపలికీ బయటికీ ఆడుతూ క్రిములను తనతో తీసుకెళ్తుంది. నమూనా కావాలంటే గొట్టం మీద దానికోసమే ఉన్న చోట శుభ్రంచేసి సిరంజితో తీయాలి గానీ అతుకు ఊడదీయకూడదు. వేసేటప్పుడు మాత్రం పూర్తి శుద్ధి పాటించాలి: స్టెరైల్ గ్లవ్స్, శుభ్రమైన గుడ్డ, వాడని జెల్లీ, సరిపోయినంతలో చిన్న సైజు. పైపు చివర 14, 16, 18 అని రాసి ఉండేవి ఫ్రెంచి కొలతలు, మిల్లీమీటరులో మూడో వంతు ఒక్కో అంకె. లావుపాటిది బాగా పారుతుందనుకోవడం పొలానికి నిజం, మూత్రనాళానికి కాదు.

చేయకూడనివీ ఉన్నాయి, వాటి మీద మన మోజు ఎక్కువ. పైపు ఉన్నన్నాళ్ళూ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వాడడం, సంచిలో డెట్టాల్ లాంటివి పోయడం, ఊరికే మందునీళ్ళతో మూత్రాశయం కడగడం, క్యాలెండరు చూసి ఇన్ని రోజులకని పైపు మార్చడం. ఇవేవీ మామూలు రోగికి మేలు చేస్తాయని తేలలేదు. రోజూ స్నానంతోపాటు సబ్బుతో కడుక్కుంటే చాలు. వెండి పూత పూసిన పైపులు కొన్నేళ్ళు గొప్పగా అమ్ముడయ్యాయి. బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 7,000 మందికి పైగా రోగుల మీద పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. కొద్దిరోజుల కోసం వేసే పైపుల్లో వెండి పూత చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. మామూలు పైపును రెండు రోజుల ముందు తీసేయడం దీనికంటే చవక. దానికి సేల్స్‌మన్ లేడు, అదే దాని దురదృష్టం.

తీయడమే అసలు సమస్య. సంజయ్ సెయింట్ అనే అమెరికా వైద్యుడు, సహచరులు 2000లో ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెతికారు: మీ రోగుల్లో ఎవరికి పైపు ఉందో మీకు తెలుసా అని డాక్టర్లను అడిగారు. మొత్తమ్మీద 28 శాతం సందర్భాల్లో డాక్టర్లకు తెలియదు. వైద్య విద్యార్థుల్లో ఇది 21 శాతం, పెద్ద డాక్టర్లలో 38 శాతం. హోదా పెరిగేకొద్దీ దుప్పటి ఎత్తి చూడడం తగ్గుతుందేమో. పైగా అసలు అవసరమే లేని పైపులు, డాక్టరుకు తెలియకుండా ఉండిపోయే పైపుల్లోనే ఎక్కువ. రెండేళ్ళ తరవాత అదే సెయింట్ పైపును ఒకే కొసన కట్టేసే సంకెల అన్నాడు. పైపున్న మనిషి మంచం దిగడు. దిగని మనిషికి ఊపిరితిత్తుల్లో కఫం, కాళ్ళలో రక్తపు గడ్డలు, వీపున పుండ్లు.

మరి ఎందుకు ఉంచుతారు? నిజాయితీగా చెప్పుకుంటే, పైపు అందరికీ సుఖం, అది ఉన్న మనిషికి తప్ప. సిస్టరుకు రాత్రి నాలుగుసార్లు బెడ్‌పాన్ పెట్టే పని తప్పుతుంది. అటెండెంటుకు నిద్ర దొరుకుతుంది. డాక్టరుకు ఛార్టులో అంకెలు దొరుకుతాయి. పక్క తడవదు. మా విషయంలో అయితే మేమే ‘ఇంకో రెండు రోజులుండనివ్వండి సిస్టర్’ అని బతిమాలాం. నేరంలో మా వాటా మాకుంది.

2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్, ఆసుపత్రిలో పైపు వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కు అదనపు డబ్బు ఇవ్వడం ఆపేసింది. దాంతో ఆసుపత్రుల జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. 600కు పైగా ఆసుపత్రులు కలిసి, రోజూ పైపు అవసరాన్ని ప్రశ్నించడం, కారణం తీరితే డాక్టరు కోసం ఆగకుండా నర్సే తీసేయడం లాంటి పద్ధతులు పాటించాయి. 2016లో వెలువడిన ఫలితాల్లో మామూలు వార్డుల్లో ఇన్‌ఫెక్షన్లు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఐసీయూల్లో మాత్రం తగ్గలేదు.

మన దేశంలో 2020లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌ఫెక్షన్ల నివారణకు జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. ఆసుపత్రుల నాణ్యతను తూచే జాతీయ మండలి నాభ్ (NABH) గుర్తింపు కోరే ఆసుపత్రులు ఈ ఇన్‌ఫెక్షన్ల రేటు లెక్కకట్టి చూపాలి. లెక్క ఇలా ఉంటుంది: ఇన్‌ఫెక్షన్ల సంఖ్యను, రోగులందరికీ పైపులున్న మొత్తం రోజులతో భాగించి వెయ్యితో గుణిస్తారు. కొంచెం ఆలోచిస్తే ఇందులో తమాషా కనిపిస్తుంది. అవసరం లేని ఆరోగ్యవంతులకు కూడా పైపులు వేసుకుంటూ పోతే కింది అంకె పెరిగి రేటు తగ్గుతుంది. శ్రద్ధగా తీసేసే ఆసుపత్రిలో మిగిలేవి తీయలేని జబ్బుమనుషుల పైపులే కాబట్టి రేటు పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకని రేటు ఒక్కటే అడక్కండి. మీ వార్డులో ఇవాళ ఎన్ని మంచాలు, ఎన్ని పైపులు అని అడగండి.

పైపు నిజంగా అవసరమైన సందర్భాలు లేవని కాదు. మూత్రం పూర్తిగా బిగిసినప్పుడు, ప్రాణం మీదికొచ్చి గంటగంటకూ కొలవాల్సినప్పుడు, కొన్ని ఆపరేషన్లలో, నడుము కింద పుండ్లు మానాల్సి వచ్చి పక్క తడవకూడదన్నప్పుడు, చివరి రోజుల్లో కదిలిస్తే బాధపడే మనిషికి సుఖం కోసం. పక్క తడుస్తోందన్నది ఒక్కటే కారణం కాదు. మూత్రం నిలిచిందో లేదో పొట్ట మీద స్కానర్ పెట్టి చూడొచ్చు. మతి స్థిమితంగా ఉండి మూత్రం పోయగలిగే మగవారికి పైనుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ ఉంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు, మూత్రాశయం పనిచేయనివాళ్ళకు, రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టం పెట్టి ఖాళీచేసి తీసేసే పద్ధతి ఉంది. 1972లో మిషిగన్‌లో జాక్ లాపిడెస్ దీన్ని మొదలుపెట్టినప్పుడు, స్టెరైల్ అక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలంటే తోటి డాక్టర్లు ముఖం చిట్లించారు. నిలవ లేకపోతే క్రిములకు చోటుండదన్నది ఆయన వాదన. అదే నిలిచింది. మన దగ్గరా చిన్నపిల్లల తల్లులు దీన్ని వారంలో నేర్చుకుని ఇంట్లో చేస్తున్నారు.

ఇంటికి పైపుతో పంపితే, ఎందుకు వేశారో, ఎప్పుడు తీయాలో డిశ్చార్జి కాగితం మీద తేదీతో రాయించుకోండి. వణుకుతో జ్వరం, నడుము పక్కల నొప్పి, ముసలివాళ్ళు ఉన్నట్టుండి తికమకపడడం, సంచిలోకి చుక్క రాకపోవడం – ఇవి ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతులు. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవారికి పైపు పూడితే బీపీ ప్రాణం మీదికి ఎక్కుతుంది, అక్కడ నిమిషాలే లెక్క. ఏం జరిగినా బుడగ ఖాళీ చేయకుండా పైపు లాగకండి.

మా పెదనాన్నగారికి తొమ్మిదో రోజున తీశారు. సిస్టరు సిరంజితో బుడగలోని 10 మిల్లీలీటర్ల నీళ్ళు లాగేసి, ఒకసారి ఊపిరి పీల్చమని పైపు బయటికి తీసింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. కేస్ షీటు తిరగేస్తే, ఆపరేషన్ మర్నాడే తీసేయమని డాక్టరు రాసి ఉంది.